సెల్యూట్ కొట్టని వేసవి

ఏంటే ఆ ఉత్తరం, నన్ను చూడగానే అలా మడిచి జేబులో తోసేశావ్? ఇటివ్వు. కళ్ళజోడు ఆ టీవీ మీదుంది, అదీ ఇవ్వు. ఆఁ... అనుకున్నా. గంటకి ముప్ఫై మైళ్ళు దాటకూడని చోట ముప్ఫై ఏడు. ఎక్కడ, బేకరీ దాటాక వంపు దగ్గరా? అక్కడ పసుపుపచ్చ కెమెరా పెట్టి పదకొండేళ్ళయింది కదే హెటీ, ఊళ్ళో పిల్లులు కూడా అక్కడికి రాగానే నడక తగ్గిస్తాయి. సరే, ఏడుపు మొహం పెట్టకు. మొదటిసారేగా, లైసెన్సు మీద తప్పు పాయింట్లు వెయ్యకుండా, బండి నెమ్మదిగా నడపమని చెప్పే పాఠానికి కూర్చోమంటారు. పక్కింటి మార్జరీ కూర్చుంది, అరవై ఎనిమిదేళ్ళ వయసులో. ఇప్పుడు అదీ కంప్యూటర్లోనేనట. "నాలుగు గంటలు ఈడ్చాడు ఈనిడ్ ఆ పాఠం చెప్పేవాడు, మా వంటింట్లో నేనే లేచి టీ పెట్టుకోవడానికి వాడి పర్మిషన్ అడగాల్సొచ్చింది" అని ఒకటే గోల. నవ్వావు, మంచిది. కూర్చో. మీ ముత్తాతకి గనక ఈ ఉత్తరం చూపిస్తే ఏమనేవాడో తెలుసా? "ఏడు మైళ్ళు ఎక్కువ" అనేవాడు, అంతే. తిట్టేవాడు కాదు. ఆ ఏడు అన్న మాట పలికే తీరులోనే తిట్టు ఉండేది.

మీ ముత్తాతంటే మా నాన్న, కానిస్టేబుల్ హోరేస్ లెగెట్. ఫొటోలో చూశావ్ గదా, మీసం, నిటారుగా, ఇస్త్రీ పెట్టె మింగినట్టు. స్కెల్‌బీ ఊరికంతటికీ ఆయనొక్కడే పోలీసు. అప్పట్లో లండన్ నుంచి ఉత్తరానికి పోయే పెద్ద రోడ్డు మన ఊరి మధ్యలోంచే పోయేది. పైనించి గుట్ట దిగి వచ్చేవాళ్ళు ఊరుందన్న సంగతి కూడా గమనించేవాళ్ళు కాదు. కెమెరాలెక్కడివి? నాన్న దగ్గరుంది ఒక స్టాప్‌వాచ్. చాపెల్ దగ్గర, అంటే మన చిన్న చర్చి దగ్గర, మాంసం కొట్టు టక్స్‌ఫర్డ్ నిలబడేవాడు. అతను ప్రత్యేక కానిస్టేబుల్, అంటే జీతం లేని పోలీసన్నమాట, చేతికి ఒక పట్టీ, అంతే. కారు దాటగానే అతను తెల్ల రుమాలు ఊపాలి, ఇవతల ముళ్ళకంచె వెనక నాన్న వాచీ నొక్కాలి, కారు తన ముందుకి రాగానే మళ్ళీ నొక్కాలి, తర్వాత బయటికొచ్చి చెయ్యి అడ్డం పెట్టాలి. ఆ రుమాలుకి ఎప్పుడూ రక్తం మరకలుండేవి, మాంసం కొట్టు గదా. ఒకసారి ఒకావిడ అది చూసి ఏదో ఘోరం జరిగిందనుకుని కారు ఆపి... అది వేరే కథలే.

ఏం చెప్తున్నా? ఆఁ, క్లెమ్. క్లెమ్ డౌసింగ్ గురించి చెప్పకుండా నాన్న గురించి చెప్పలేం. అప్పట్లో కార్లున్నవాళ్ళకొక క్లబ్బుండేది. చందా కడితే కారు ముందు తగిలించుకోవడానికి బిళ్ళ ఇచ్చేవాళ్ళు, దారిలో బండి ఆగిపోతే క్లబ్బు మనిషి వచ్చి బాగుచేసేవాడు. మన గుట్ట మీద ఆ మనిషి క్లెమ్. అక్కడో చెక్క పెట్టె, నిలువెత్తుది, టెలిఫోనూ పానాలూ అందులో. బిళ్ళ ఉన్న కారు వస్తే అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టాలి. అవునే, సెల్యూటే, సిపాయిల్లాగా. అలా చూడకు, అప్పుడు అదేం వింత కాదు. అసలు సంగతి సెల్యూట్ కొట్టడంలో లేదు, కొట్టకపోవడంలో ఉంది. క్లబ్బు పుస్తకంలోనే అచ్చువేసి ఉండేది, "మా మనిషి సెల్యూట్ చెయ్యకపోతే ఆగి కారణం అడగండి" అని. కారణం ఏముంటుంది? ముందు కంచె వెనక పోలీసున్నాడు!

ఎందుకంత డొంకతిరుగుడంటావా? నోటితో చెప్తే నేరం గనక. పోలీసుని తన పని చెయ్యనివ్వలేదని కేసు పెట్టొచ్చు. యుద్ధానికి ముందు పెట్టారు కూడా. ఎవరు? మా నాన్నే. క్లెమ్ ఒక లారీవాడికి "నెమ్మదిగా పో, కంచెలో లెగెట్ ఉన్నాడు" అని అరిచాడు. లెగెట్ విన్నాడు. కోర్టులో జరిమానా పడింది. ఆ రోజు నుంచీ క్లెమ్ నోరు విప్పలేదు, చెయ్యి ఎత్తడం మానేసేవాడు, అంతే. చెయ్యెత్తిన మనిషి మీద కేసు పెట్టొచ్చు గాని, ఎత్తనివాడి మీద ఏ చట్టం కింద పెడతావ్? నాన్న కంచె వెనక కూర్చున్న ప్రతిసారీ కార్లన్నీ పెళ్ళివారి బళ్ళలా మెల్లగా వచ్చేవి. నాన్న ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ, "ఇరవై తొమ్మిది, ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది" అనేవాడు అమ్మతో, పళ్ళు నూరుకుంటూ. అలా ఇరవై ఏళ్ళు. పక్కపక్కనే కూరమళ్ళు ఇద్దరివీ, ఉల్లిగడ్డ అడిగి ఎరగరు. "గుడ్ మార్నింగ్ మిస్టర్ డౌసింగ్." "గుడ్ మార్నింగ్ మిస్టర్ లెగెట్." ఆ 'మిస్టర్' ఉంది చూశావూ, చలికాలం గునపం లాగా ఉండేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, అంటే యాభై నాలుగులో, ఫిబ్రవరిలో, ఎవరిదో పాత ఆస్టిన్ స్టార్టవ్వకపోతే క్లెమ్ ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాడు. అది వెనక్కి తన్నింది. అలా తన్నేవి, మణికట్లు విరిగేవి. ఈయనకి భుజం పోయింది. పని చేసుకోగలడు, చక్రం విప్పగలడు, కానీ కుడిచెయ్యి గుండె దాకా వచ్చి ఆగిపోయేది. పైకి లేవదు. ఆగస్టు ఆఖరుకి పాతికేళ్ళ సర్వీసు నిండి పెన్షనొస్తుంది. చెయ్యి పడిపోయిందని ఆఫీసుకి తెలిస్తే ఇప్పుడే ఇంటికి పంపేస్తారు, పెన్షనూ పోతుంది. ఎడంచేత్తో కొట్టి చూశాడు పాపం. మొదటివారమే ఒక రిటైర్డ్ మేజరు క్లబ్బుకి ఉత్తరం రాశాడు, "మీవాడు నాకు సెల్యూట్ చేశాడో, ఈగలు తోలుకున్నాడో తెలియలేదు" అని. ఆ తర్వాత ఎడంచెయ్యి కూడా దించేశాడు. ఇక చూస్కో! సెల్యూట్ లేదు గనక వచ్చిన ప్రతి కారూ ఆగడం, "ఏమయ్యా, పోలీసున్నాడా?" అనడం. ఉన్నాడంటే సరిపోయేది గదా అంటావ్. క్లెమ్ చాపెల్ మనిషి తల్లీ. ఆదివారం రెండుపూటలా ప్రార్థనకి వెళ్ళే మనిషి, టీలో చక్కెర ఎంత వేసుకున్నాడో కూడా అబద్ధం చెప్పడు.

ఒకరోజు నాన్న సైకిల్ మీద గుట్టెక్కుతుంటే అక్కడ మూడు కార్లు ఆగున్నాయి. ఒకావిడ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఉన్నాడా లేదా చెప్పవయ్యా!" అంటోంది. క్లెమ్ చెమటలు కక్కుతూ, "ఉండొచ్చు మేడమ్... పోలీసన్నాక ఎప్పుడైనా ఉండొచ్చు..." అంటున్నాడు. ఆ చెయ్యి పక్కన వేలాడుతోంది. నాన్న దిగలేదు, ఆగలేదు, దాటుకుంటూ పోయాడు. గుడ్ మార్నింగ్ కూడా చెప్పలేదట.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి, క్లెమ్ పెట్టెకి ఎదురుగా మైలురాయి ఉండేది, దానికి తన సైకిల్ ఆనించి, స్టాప్‌వాచ్ జేబులోంచి తీసి, ఎండలో ఒకసారి ఇటూ అటూ తిప్పి చూసుకుని, నడుచుకుంటూ గుట్ట దిగి కంచె వెనక కూర్చున్నాడు. ఆ మర్నాడూ అంతే. ఆ పై మర్నాడూ. ఆదివారాలు తప్ప రోజూ. ఒక్క మాట చెప్పలేదు, చెప్తే కుట్రవుతుంది గదా! సైకిల్ ఎక్కడైనా పెట్టుకోవచ్చు, అది నేరం కాదు. అర్థమైందా? కంచెలో పోలీసుంటే క్లెమ్ సెల్యూట్ కొట్టకపోవడం తప్పు కాదు, అదే అతని డ్యూటీ. ఎవరైనా ఆగి అడిగితే, "నెమ్మదిగా వెళ్ళండి సార్" అంటే చాలు, అబద్ధం ఆడక్కర్లేదు. నిజంగానే ఉన్నాడు గనక. ఇరవై ఏళ్ళుగా ఏ కొట్టని సెల్యూట్‌కి నాన్న పళ్ళు నూరాడో, దాన్ని నిజం చెయ్యడానికి వెళ్ళి వానలో కూర్చున్నాడు.

టక్స్‌ఫర్డ్ గొణుగుడు వినాలి నువ్వు. "లెగెట్, నేను రుమాలు ఊపుతూ కూర్చుంటే సాసేజీలు ఎవడు చేస్తాడు? మీ ఆవిడా?" పైనించి సార్జంటు. ఆయన మోటార్ సైకిల్ మీద వచ్చి మా వాకిట్లోనే నిలబడి అరిచాడు, నేను మెట్ల మీంచి విన్నాను. "మూడు నెలలు! ఒక్క కేసు లేదు! ఏం పట్టుకుంటున్నావయ్యా అక్కడ, జలుబా?" "ఎవరూ వేగంగా పోవట్లేదు సార్." "మరి అక్కడెందుకు నువ్వు?" "నేనున్నాననే పోవట్లేదు సార్." సార్జంటు మొహం బీట్‌రూట్ అయిపోయింది. ఆ ఏడాది నాన్నకి సార్జంటుగా ప్రమోషన్ రావాల్సింది. అమ్మ కర్టెన్లు కూడా చూసిపెట్టుకుంది, ప్రమోషనొస్తే ఇచ్చే ఇంటికి. రాలేదు. తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు. జూలై ఆఖర్న ఆర్డరేశాడు, డ్యూటీలో ఉండగా కంచె దగ్గరికి పోకూడదని.

డ్యూటీలో ఉండగా అన్నాడు గదా. ఆగస్టు మొదటి రెండు వారాలు నాన్నకి సెలవు. మేబుల్‌థార్ప్‌లో సముద్రం ఒడ్డున గది మాట్లాడి పెట్టారు. నా జన్మలో మొదటిసారి సముద్రం చూడబోతున్నా, నాన్నతో. ఎర్ర బకెట్టు కొనిపెట్టాడు, ఇసక కోటలు ఎలా కట్టాలో కాగితం మీద కొలతలతో బొమ్మ వేసి చూపించాడు. ఇంతలో ఆ మేజరు రెండో ఉత్తరం రాశాడట క్లబ్బుకి. వాళ్ళు క్లెమ్‌కి రాశారు, ఆగస్టు మొదటి వారాల్లో ఏ రోజైనా ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడని. ఊరికెలా తెలిసిందంటే, పోస్టాఫీసు మిసెస్ ఆబ్రీ ఉత్తరాలు విప్పేది కాదు, మంచి మనిషి, వెలుతురికి ఎత్తి పట్టుకునేది అంతే.

శనివారం పొద్దున్న బస్సు దగ్గర నాన్న పెట్టెలు పైకెక్కించాడు, తను ఎక్కలేదు. యూనిఫారంలో ఉన్నాడు. కానిస్టేబుల్‌కి సెలవుంటుంది గాని కానిస్టేబుల్‌గిరీకి సెలవుండదు, అది చట్టం, సార్జంటు కాదు గదా రాణిగారు కూడా తియ్యలేరు. నాకేం తెలుసు అదంతా? బస్సు మెట్టు మీద నిలబడి అందరూ వినేట్టు అన్నాను. "నీకు మాకంటే ఆ కంచే ఎక్కువ. నువ్వు రాకపోతేనే నయం, అక్కడ కూడా గాడిదలకి వాచీ పెట్టి కూర్చుంటావు" అని. సముద్రం ఒడ్డున గాడిదల మీద తిప్పుతారులే పిల్లల్ని. బస్సులో ఎవరో నవ్వారు. నాన్న నావంక చూసి, "బకెట్టు మర్చిపోయావ్" అని లోపలికి అందించాడు. అంతే.

ఇన్‌స్పెక్టరు గురువారం వచ్చాడట, జోరు వానలో. కారు ఆపి, "డౌసింగ్, చెయ్యి ఎందుకు లేవలేదు?" అన్నాడు. క్లెమ్, "నెమ్మదిగా గుట్ట దిగి చూడండి సార్" అన్నాడు. ఆయన దిగాడు. కంచె కింద రెండు పోలీసు బూట్లు బయటికి కనపడుతున్నాయి, నీళ్ళు కారుతూ. నాన్న వాచీ నొక్కి రాసుకున్నాడు కూడా, ఇరవై రెండు మైళ్ళని. ఇన్‌స్పెక్టరు వెనక్కొచ్చి, "ఇంత వానలో కూడా పోలీసుని కనిపెట్టావంటే నువ్వయ్యా మనిషివంటే!" అని భుజం తట్టాడట. ఆ భుజమే. క్లెమ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగితే ఆయన అది అభిమానం అనుకున్నాడు.

ఆగస్టు ఆఖరున పాతికేళ్ళు నిండాయి. ఆ మర్నాడు పొద్దున్న మా గడప మీద బుట్టెడు చిక్కుడుకాయలు. నాన్న వాటి వంక చూసి, "ఎవరివో తెలియని వస్తువు. దొరికిన వస్తువుల పుస్తకంలో రాయాలి" అన్నాడు. అమ్మ, "రాయి, నేను వండుతా" అంది. అంతకు మించి ఏం లేదు. మళ్ళీ మామూలే, "గుడ్ మార్నింగ్ మిస్టర్ డౌసింగ్." కాకపోతే అందులో గునపం లేదు.

బస్సు మెట్టు మీద అన్న ఆ మాట వెనక్కి తీసుకున్నానా అంటే... లేదు. తీసుకోవడానికి అసలు సంగతి నాకు తెలియదు గదే. అరవై మూడులో, మంచు కరిగే రోజుల్లో నాన్న పోయిన వారంలో చెప్పింది అమ్మ. నాకు పద్దెనిమిది. "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అంటే, "పోలీసు రహస్యం" అంది, నవ్వబోయి. మిగతాది క్లెమ్ నోట విన్నాను, చాలా రోజుల తర్వాత. ఆసుపత్రి నుంచి నాన్నని ఆ గుట్ట మీంచే తీసుకొచ్చాం. శవపేటిక ముందు కారులో, వెనక కారులో నేనూ అమ్మా. ముందు కారు నడిపేది మిస్టర్ గాంట్, ముప్ఫై ఏళ్ళుగా ఆ రోడ్డు మీద నడుపుతున్నాడు, ఆ కారుక్కూడా ఉండేది క్లబ్బు బిళ్ళ. గుట్ట మీద, ఆ చెక్క పెట్టె పక్కన, క్లెమ్ నిలబడున్నాడు, పాత టోపీ పెట్టుకుని, అటెన్షన్‌లో. ఎత్తాలని చూశాడు, చెయ్యి గుండె దాకా వచ్చి ఆగిపోయింది. ముందు కారు, అసలే మెల్లగా పోతోంది, ఇంకా మెల్లగా అయిపోయింది. ఎందుకో మాకర్థం కాలేదు. తర్వాత మిస్టర్ గాంట్ అమ్మ చేతులు పట్టుకుని క్షమించమన్నాడు. "అలవాటమ్మా. సెల్యూట్ లేకపోయేసరికి కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. లెగెట్ ఉన్నాడేమోనని కంచె వైపు చూశాను" అని.

నేనూ చూశాను.

...ఆఁ? ఏం లేదు. చినుకులు మొదలైనట్టున్నాయ్, తీగ మీద దుప్పట్లున్నాయి, పరిగెత్తు.