ఎడమవి ఒక బస్తా, కుడివి ఒక బస్తా

“అమ్మమ్మా, మా కంపెనీల మిషన్‌కు మూత లేక మొన్న ఒకామె వేలు నలిగింది. పోయి అడుగుదామంటె ఒక్కలు గూడ నా ఎంబడి వస్తలేరు. బొగ్గుబాయి కాడ నీ ఎంబడి అందరు ఎట్ల వచ్చిండ్రు?”

అందరు యాడ వచ్చిండ్రే? ఆగు, జర ఆ దిండు నా నడుముకు పెట్టు. ఆఁ. వచ్చిండ్రని నీకెవలు చెప్పిండ్రు, మీ అమ్మనా? మీ అమ్మ గప్పుడు చంకల పిల్ల, దానికేం ఎరుక.

నేను ఈ మెదక్ పిల్లనే గద, చర్చి ఎనుక గల్లీల పుట్టిన. బొగ్గంటె రైలింజన్ల ఏస్తరని గంతే ఎరుక. పెండ్లయినంక మీ తాత నన్ను గోదారి దిక్కు బొగ్గుబాయి కాడికి తీస్కపోయిండు. లైన్ క్వార్టర్లు, అందరికి నల్లా ఒక్కటే. బట్టలారేస్తె మాపటికి నల్లగయ్యేటియి. మా చెల్లె శివ్వంపేట నుంచి వారం ఉందామని వచ్చి మూడోరోజే పోయింది. తెల్ల చీర కట్టుకొని వచ్చింది, పిచ్చిది. ఏం చెప్తున్న? ఆఁ, నల్లా.

మీ తాత షిఫ్టు దిగి నాలుగు దాటినంక వస్తుండె. బూట్లు గడప బయటనే ఇడ్వాలె, నల్లా కాడ తానం చెయ్యాలె, గప్పుడే లోపలికి. సబ్బు ఒక్కసారే రుద్దుకోవాలె. అది నా కట్టడి. ఎర్ర సబ్బు గప్పుడు రూపాయిన్నర, కాదు, రూపాయి పావలనో ఏమో, యాదికి లేదు. సగానికి కోసి నెలంత ఎల్లదీస్తుంటి. అందుకే మీ తాత చెవుల ఎనుక ఎప్పటికి నల్లగుండేది. ఫొటోల సూడు, కనవడ్తది.

బాయిల ఓ అలవాటుంటది. పనికాడికి పోంగనే కర్రతోని నెత్తిమీది కప్పు కొట్టి సప్పుడింటరు. గట్టిగ మోగితె మంచిది. డొల్లగ వినవడితె ఆడ నిలవడొద్దు. మీ తాతకు ఇంట్ల గూడ గదే అలవాటు. చెంబు, డబ్బా, గోడ, ఏది దొరికితె అది కొడ్తుండె. ఓ దినం అన్నం తినుకుంట పీటను రెండుసార్లు కొట్టి, నా దిక్కు సూసిండు. “డొల్లగుందా?” అన్న. “ఊఁ” అన్నడు. “సార్లకు చెప్పినవా?” అంటె, “చెప్పినోనికి ఆ దినం హాజరెయ్యరు, ఇంటికి పో అంటరు” అన్నడు. బాయి మొగోళ్ళు గంతే బిడ్డా. కప్పుకు భయపడరు గని హాజరుకు భయపడ్తరు.

తెల్లారి రాజవ్వతోని చెప్పిన. రాజవ్వంటె పక్కింటామె, ఆమె పెనిమిటి మొగిలి, మీ తాత ఒక్క జట్టే. మొగిలి గూడ గోడ కొట్టిండట. నల్లా కాడ అడిగితె ఇంకో ఐదిండ్లల్ల గదే కథ. నాకైతె మస్తు భయమైంది, అబద్ధమెందుకు. మీ అమ్మను ఎత్తుకొని, ఈ పిల్లకు నాయిన ఉంటడా అనుకున్న.

బూట్లు లేకుండ బాయిల దిగనియ్యరు. అది వాళ్ళ రూలే, గేటు కాడ రాసి పెట్టిండ్రు. వాళ్ళ రూలే వాళ్ళకు సూపెడదామన్నది రాజవ్వ. మాపటీలి మొగోళ్ళు నల్లా కాడ ఉండంగ గడపల బయటి బూట్లు లేపాలె. ఎవలొచ్చిండ్రు? ఎవలు రాలే. నేను, రాజవ్వ, గంతే. ముందుగాల నా మొగనియే లేపిన. నీ ఇంటియి లేపకుండ పక్కింటియి ఎట్ల లేపుతవు? ఆమె ఆమెయి లేపింది. అది సూసి ఒకామె తలుపు సందుల నుంచి ఇచ్చింది, ఇంకొకామె ఉరికొచ్చి ఇచ్చింది. పద్దెనిమిది జతలైనయి.

రాజవ్వకు తెలివెక్కువ. అన్ని ఒక్కకాడ పెడ్తె దొరుకుతయని ఎడమవి ఒక బస్తల ఏసి ప్రార్థన గదిల దాసింది, కుడివి ఒక బస్తల ఏసి పిడకల కొట్టంల దాసింది. ఒక బస్తా దొరికినా ఏం చేస్కుంటరు? ఎవలియి ఏవో గుర్తు పెట్టాలన్న తెలివి మాత్రం ఇద్దరికీ రాలే.

తెల్లారి షిఫ్టు కూత పెట్టంగ పద్దెనిమిది మంది వట్టికాళ్ళతోని గేటు కాడ నిలవడ్డరు. ముందల మేం కూసున్నం. మేనేజర్ సారొచ్చి “బూట్లేవమ్మా?” అన్నడు. “కప్పు కొట్టి సూసి రాండ్రి సార్, చెప్తం” అన్నం. “బాయి గురించి మీకేం ఎరుక?” అన్నడు. “మాకు పీట ఎరుక సార్” అన్న. ఆయనకు సమజ్ గాలే.

పగటీలి దాక కూసున్నం. మీ అమ్మ ఒకటే ఏడుపు. ఆఖరికి సారే ఇద్దర్ని తీస్కొని దిగిండు. దూరం నుంచి పొడుగు ఇనుపకడ్డీతోని పొడిస్తె ఈ అర్రంత, గీ గోడ నుంచి గా గోడ దాక, బండ ఊడిపడ్డదట. కింద ఎవలు లేరు. కింద ఉండాల్సినోళ్ళు గేటు కాడ బీడీలు తాగుతున్నరు. మాపటికి రెండు లారీల దుంగలొచ్చినయి, కప్పుకు ఆసరా పెట్టనీకి. ఆ దినం హాజరు మాత్రం ఎయ్యలే.

ఇగ బూట్లు పంచుడు. అన్ని కంపెనీ బూట్లు, అన్ని ఒక్కతీర్గ. ఇది నాదంటె నాదని కొట్లాట. మీ తాతకు ఎడమది ఎనిమిదో నంబర్, కుడిది పది. కొత్తయి ఇచ్చేదాక కుడి బూట్ల గుడ్డలు కుక్కుకొని నడిచిండు. అటక మీద ఉన్నయి సూడు, గా జతనే.

మొగోళ్ళకు ఎరుక గాకుండ చేసినమని ఎన్నేండ్లో గొప్పలు చెప్పుకున్న. మల్ల ఈ మెదక్‌కొచ్చినంక, మీ తాతకు పానం బాగలేనప్పుడు, తానం పోస్తున్న. సబ్బు గుంజుకొని మొఖానికి రుద్దుకున్నడు, మల్ల రుద్దుకున్నడు. “ఒక్కసారే” అన్న.

“గా దినం రెండుసార్లు రుద్దుకున్న. నువ్వు బూట్లు లేపుతుంటె సూసిన. కండ్లు తెరిస్తె నిన్ను ఆపాలె గద” అన్నడు. “మొగిలి మూడుసార్లు. అందరం సబ్బు మొఖంతోనే కూసున్నం, మీరు పోయేదాక.”

గా నెల సబ్బు ముందుగాల్నే అయిపోయిందని నేను మీ తాతతోని వారం మాట్లాడలే, ఎరుకనా.

గందుకే చెప్తున్న. ఎంబడి వచ్చెటోళ్ళను లెక్క పెట్టకు బిడ్డా. సూసి గూడ సూడనట్టు ఉండెటోళ్ళు ఉంటరు, ఆళ్ళను సూసుకో. పో, పొద్దువోతుంది. నీ పది వేళ్ళు సల్లగుండాలె…