ఒక్క చోట రాసుంటే

తిరుపతి బస్టాండు దగ్గర, లాడ్జీలకు వెబ్‌సైట్లు చేసిపెట్టే ఒక బ్రౌజింగ్ సెంటర్. ఒకామె కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి, అక్కడ వెబ్‌సైట్లు చేసే కుర్రాడికి చూపిస్తోంది.

“ఈ నంబరు మా ఇంటిది అప్పా. లాడ్జి అనుకోని జనాలు మాకు ఫోన్ చేస్తా ఉండారు.”

“అది లాడ్జోళ్ల పాత నంబరక్కా. వాళ్లు వదిలేసినాక మీకొచ్చినట్టుండాది. నేను అన్ని పేజీల్లో మార్చినానే.”

“ఈ పేజీలో మార్చలేదు గదా.”

“ప్రతి పేజీలో విడివిడిగా రాసినానక్కా. ఇదొకటి మర్చిపోయినాను.”

“అట్లా విడివిడిగానే రాయాల్నా?”

“లేదక్కా. నంబరు ఒక ఫైల్లో పెట్టి, అన్ని పేజీలూ దాన్నుంచే తీసుకునేట్టు చేయొచ్చు. నాకు తెలుసు. తర్వాత చేద్దాంలే అనుకున్నాను.”

“ఓహో.”

“ఫోన్ చేసినోళ్లు మిమ్మల్ని శానా ఇబ్బంది పెట్టినారా అక్కా?”

“పాపం, పిల్లల్ని ఎత్తుకోని కొండకొచ్చేవాళ్లు. లాడ్జి కొత్త నంబరు కనుక్కోని నేనే చెప్తా ఉన్నాను. మొన్న ఒకామెకి అరవంలో చెప్పేదానికి శానాసేపు పట్టింది. అప్పుడే ఆస్పత్రి నుంచి మాకు చేసినారంట. లైను దొరకలేదు.”

“ఆస్పత్రిలో ఎవరక్కా?”

“మా నాయన. నన్ను సూడాలన్నాడంట. నేను పొయ్యేసరికి మాట లేదు.”

“…ఇప్పుడే మారుస్తానక్కా. ఒకే ఫైల్లో పెట్టేస్తాను.”

అతను కొత్త ఫైలు తెరిచి నంబరు టైపు చేశాడు.

“అయిపోయిందక్కా. ఇంక మీకు ఫోన్లు రావు.”

“అప్పుడే అయిపోయిందా?”

“అయిపోయిందక్కా.”

“ఇంతేనా అప్పా పని?”