మూడోసారి అడగలేదు

న్యూయార్క్, 1908 జూన్. ఓ పెద్దింటి వంటగది. పెరటి గుమ్మంలో ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ క్రీడన్. లోపల, చేతులనిండా పిండితో ఓ ఐరిష్ ఆడమనిషి.

"చెప్పాను కదా బాబూ, హానోరా ఇక్కడ లేదు. మానేసి వెళ్ళిపోయింది."

"చేరి నాలుగు రోజులే కదమ్మా అయింది! ఎప్పుడు మానేసింది?"

"నిన్న. కాదు, మొన్న. బట్టలుతికే మనిషిని, ఆవిడ రాకపోకలు నాకేం తెలుస్తాయి?"

"బట్టలుతికే మనిషికి మోచేతులదాకా పిండేమిటి?"

"గంజి పిండి. దొరగారి కాలర్లకి."

"గంజికి ఇంత కమ్మటి రొట్టె వాసనెక్కడిది?"

"అబ్బో, ముక్కు చురుకే! ఆకలి మీదున్నట్టున్నారు. కూర్చోండి, స్ట్రాబెర్రీలూ మీగడా ఉన్నాయి, ఓ గిన్నెడు పెడతాను."

"అబ్బే, వద్దమ్మా."

"ఒకటోసారి వద్దన్నారు. ఆ అనడం చూస్తే తెలిసిపోతోంది, మీది ఐర్లాండులో మా కెర్రీయే కదూ?"

"మా అమ్మది. నేనిక్కడే పుట్టాను. ఎవరింటికెళ్ళినా రెండుసార్లు వద్దనాలి, మూడోసారి అడిగితేనే గిన్నె ముట్టాలి అని చెవి మెలేసి మరీ నేర్పింది."

"బంగారు తల్లి! మూడోసారి అడగని ఇల్లు మావైపు ఇల్లే కాదు."

"సరే, హానోరా సంగతి చెప్పండి. మనిషెలా ఉంటుంది?"

"చక్కని చుక్క. వంట మొదలెడితే వీధి చివరున్నవాడికి కూడా నోరూరాల్సిందే."

"మీకావిడంటే మహా ఇష్టంలా ఉందే."

"ఎవరికుండదూ?"

"ఎప్పుడైనా జబ్బు పడిందా?"

"హానోరానా! రాయి బాబూ, రాయి. తుమ్మగా కూడా చూడలేదు."

"అదేనమ్మా నా బాధ. ఇదివరకు వంట చేసిన నాలుగిళ్ళలోనూ టైఫాయిడ్ వచ్చింది."

"వస్తే? ప్రతి ఇంట్లోనూ మంచాల పక్కన కూర్చుని సేవ చేసింది ఆవిడే కదా. రోగమున్న చోటికి దేవుడే తనని పంపుతున్నాడనుకుంది."

"రోగమున్న చోటికి ఆవిడ వెళ్ళలేదు. ఆవిడ వెళ్ళిన చోటికి రోగం వెళ్ళింది."

"జ్వరం లేని మనిషి జ్వరం పంచిపెడుతుందా? మీ ఆఫీసులో పొద్దున్నే ఏం తాగిస్తారు మీకు?"

"కాఫీయేనమ్మా."

"కడుపు ఖాళీగా ఉంటే ఇలాంటి మాటలే వస్తాయి. ఇదిగో, గిన్నె మీ ముందే పెట్టాను. పళ్ళు చేత్తో నలిపినవి. చెంచా తగిలిందా, రుచి పోతుంది. తినండి."

"వద్దండీ, పని మీదొచ్చాను."

"రెండు! ఇంకొక్కటే మిగిలింది. ఊఁ, చెప్పండి మీ వింత."

"కొందరి ఒంట్లో ఆ రోగం పురుగు ఊరికే కాపురం ఉంటుంది, వాళ్ళనేం చెయ్యదు. ఈమధ్యే తెలిసింది. ఆవిడ... అంటే... పెరట్లోకి వెళ్ళొచ్చాక చేతులు కడుక్కుంటుందా?"

"ఆడవాళ్ళనడిగే మాటేనా అది! కడుక్కుంటుంది."

"సబ్బుతోనా?"

"నీళ్ళతో. సబ్బు బట్టలకి."

"అదిగో! ఆ చేతులతోనే వంట. ఉడికినదాంట్లో పురుగు చస్తుంది. పచ్చివి, చల్లటివి, చేత్తో కలిపి పెట్టేవి... వాటిలో బతికే ఉంటుంది."

"ఆ రెండో ఇంట్లో... ఈడిత్ అని ఓ చిన్నపిల్ల. రోజూ వంటగదిలోకొచ్చి గిన్నె నాకేది. ఎలా ఉంది?"

"మీకెలా తెలుసు?"

"హానోరా చెప్పింది. పిల్ల ఎలా ఉందీ?"

"బతికింది. జుట్టంతా ఊడి, మళ్ళీ ఉంగరాలు ఉంగరాలుగా వచ్చింది. గడుగ్గాయి, నా టోపీ లాక్కుంది."

"అమ్మయ్య!"

"ఆ ఇంటి పనమ్మాయే బతకలేదు."

"విన్నీయా? అయ్యో, విన్నీ... నేనొచ్చేసేటప్పటికి లేచి కూర్చుంది కదా!"

"మీరా?"

"హానోరా. హానోరా వచ్చేసేటప్పటికి. ఆవిడ దొరికితే ఏం చేస్తారు బాబూ?"

"నది మధ్య లంకలో ఆసుపత్రుంది. అక్కడుంచి పరీక్షలు చేస్తారు."

"ఆ తర్వాత?"

"తెలీదమ్మా. వదిలినా వంట మాత్రం చెయ్యనివ్వరు."

"వంట లేకపోతే ఇంక హానోరా ఏమిటి? పదిహేనేళ్ళకి ఓడ దిగింది. మొగుడా, పిల్లలా? ఉన్నదల్లా చేతిలో గరిటె."

"తెలుసు. అందుకే కంటపడకుండా తిరుగుతోంది. ఈ ఇంట్లో పిల్లలున్నారా?"

"నలుగురు. అరగంటలో బడినుంచొస్తారు. స్ట్రాబెర్రీలు ఇవాళేనని పొద్దున్నుంచీ ఒకటే గోల."

"నాలుగు రోజుల్నుంచీ ఏం పెట్టింది?"

"సూపులూ, వేపుళ్ళూ. అన్నీ పొగలు కక్కేవే. ఒట్టు!"

"అయితే అదృష్టవంతులే. సరే, నే వెళ్తాను. ఆవిడ కనిపిస్తే కబురు పెట్టండి."

"అలాగే."

"అన్నట్టు... ఇంతసేపూ గిన్నె నా ముందే ఉంది. నోరూరి చస్తున్నాను. మూడోసారి అడగరేం?"

"అడగను."

"కెర్రీ మనిషై ఉండీ?"

"కెర్రీ మనిషినే. ఆ గిన్నె ఇలా ఇవ్వండి. పిల్లల గిన్నె కూడా ఐసుపెట్టెలో ఉంది, ముందది పారబొయ్యాలి. తర్వాత టోపీ పెట్టుకొస్తాను. ఆ లంకకి పడవ ఎన్నింటికి బాబూ?"