కుడి భుజం

ఆ టీవీ గోల కాస్త తగ్గించు బావా. తగ్గించవా? సరే, నీ ఇల్లు, నీ టీవీ, నీ ఇష్టం. అయినా ఏమిటా చర్చ? నలుగురు నాలుగు గళ్లలో కూర్చుని ఒకేసారి అరుస్తున్నారు. మన కొట్లో మిషన్లన్నీ ఒక్కసారి నడిచినా ఇంత చప్పుడు లేదు. వాటికైనా చివరికి ఒక చొక్కా వచ్చేది.

అక్క తలుపు తీసింది, మంచినీళ్లిచ్చింది, వంటింట్లోకి పోయింది. నువ్వేమో తల కూడా తిప్పలేదు. ఇరవై రెండేళ్లు నేను కత్తిరిస్తే నువ్వు కుట్టావు. ఇప్పుడు మూడు వారాలుగా ఈ పెట్టెతో కాపురం చేస్తున్నావట.

చూడు చూడు, ఇప్పుడు ప్రకటనలు. తినేది కాదు, తాగేది కాదు, ఒక సబ్బు ముక్క కొనమని చెప్పడానికి ఇంట్లో అందరూ ఎలా గెంతుతున్నారో. ఆ కుర్రాడి కోటు చూశావా? చంక దగ్గర ఎలా పీక్కుపోతోందో. చూసే ఉంటావులే, నీ కన్ను నాకు తెలియదా?

మా ఇంట్లో జాడ్యం ఇంకో రకం. నా పెళ్లాం ఫోనులో వ్యవసాయం చేస్తోంది బావా. నిజం. పొద్దున్నే లేచి ఫోనులో టమాటాలు కోస్తుంది, ఫోనులో బర్రెల పాలు పితుకుతుంది. బాల్కనీలో ఉన్న ఒక్క మొక్క నీళ్లు లేక ఎండి ఊరుకుంది. "ఏమే, దానికో చెంబెడు నీళ్లు పోయవే" అంటే, "ఉండండి, కోతకొచ్చింది" అంటుంది.

ఇక మా పెద్దమ్మాయి సరేసరి. కొట్లోకి ఆ ఏఐ యాప్ తెచ్చింది కదా, నువ్వున్నప్పుడే. మనిషిని నిలబెట్టి ముందు నుంచొక ఫోటో, పక్క నుంచొక ఫోటో. అంతే, మెడ ఇంత, ఛాతీ ఇంత అని చదివేస్తుంది. కృత్రిమ మేధ అట. మేధ! టేపు పట్టుకోని మేధ, గుడ్డ తాకని మేధ. మనిషి ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటే నీకూ నాకూ తెలుస్తుంది, దానికేం తెలుస్తుంది?

దానికి వినయం ఒకటి. ఏం అడిగినా "చాలా మంచి ప్రశ్న" అంటుంది. నా జీవితంలో నేను మంచి ప్రశ్న అడగడం ఎప్పుడైనా చూశావా?

నవ్వావా? లేదా. దగ్గా. సరే.

ఈ సంచీలో ఏముందో అడగవేం? ఆ కోటే. కొత్త జడ్జిగారి నల్లకోటు. ఆయనకు ఒక భుజం కిందికి ఉంటుంది కదా, అటువైపు ప్యాడు మందంగా వేస్తే సమంగా నిలబడాలి. అది పోయి ఎత్తుగా ఉన్న భుజాన పడింది. ఆయన అద్దంలో చూసుకుంటే ఒరిగిన గూడులా ఉన్నాడు. పది మంది ముందు నా మొహాన విసిరి, పాత కోటుతోనే ప్రమాణ స్వీకారానికి పోయాడు.

అప్పుడు నేను ఏమన్నానో నీకు గుర్తే. "కుట్టేవాడు ప్యాడ్లు తారుమారు చేశాడండీ, వయసు మీద పడుతోంది" అన్నాను. నువ్వు "సుద్దగీత ఎక్కడుంటే అక్కడే వేశాను" అన్నావు. అంతే. సూది గుచ్చుకోకుండా పెట్టుకునే నీ అంగుస్తానా వేలి నుంచి తీసి, జేబులో వేసుకుని వెళ్లిపోయావు.

మొన్న మా అమ్మాయి ఆ యాప్‌లో పాత కొలతలు తిరగేస్తోంది. కోటు కొలిచిన రోజు సరదాకి జడ్జిగారి ఫోటో కూడా తీసింది లే. చూసి, "నాన్నా, కుడి భుజం ముప్పావు అంగుళం కిందికి అని ఇది ఆ రోజే చెప్పింది, నువ్వు ఎడమ అని ఎందుకు రాశావు?" అంది.

నేనేమన్నానో తెలుసా? "ఫోను తప్పు" అన్నాను. నా కుందేలుకు మూడే కాళ్లు కదా. మా అమ్మాయి ఊరుకోక అదే మాట ఫోనులో కొట్టింది. ఆ యాప్ ఏమందో విను. "క్షమించండి, మీరు చెప్పిందే సరైనది. ఎడమ భుజమే కిందికి ఉంది" అంది.

నేను అబద్ధం చెబితే నాకు క్షమాపణ చెప్పింది బావా. వెన్నెముక లేని ముండ. దానికి నిజం తెలుసు, చెప్పింది కూడా, ఒక్క గద్దింపుకి తిరగేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. దాని మీద అనుకున్నాను మొదట.

నువ్వు ఇరవై రెండేళ్లలో ఒక్కసారైనా అలా తల ఊపావా? "చొక్కా చెయ్యి వంకరగా కత్తిరించావు" అని నా మొహం మీదే అనేవాడివి. తిట్టుకునేవాణ్ణి. మళ్లీ కత్తిరించేవాణ్ణి.

అదేంటి, టీవీ ఎందుకు ఆపావు? పెట్టు బావా. ఆ గోలలో అయితే సులువుగా చెప్పేవాణ్ణి.

వంటింట్లో గిన్నెల చప్పుడూ ఆగింది. అక్కా, నువ్వూ విను, ఫరవాలేదు.

భుజాలు వెనక నిలబడి చూడాలి. మన పనిలో మొదటి పాఠం అది, ఆయన ఎడమ మన ఎడమే అవుతుంది. ఆ రోజు నేను ఎదురుగా నిలబడ్డాను. జడ్జిగారు కదా, వీపు వైపు నిలబడితే ఆయనతో ముచ్చట్లు ఎలా? ఆయన నన్ను పొగుడుతున్నాడు, నేను నా ఎడమ వైపున్న ఆయన కుడి భుజం చూసి ఎడమ అని రాసుకున్నాను. గీత కూడా అటే గీశాను.

మొన్న తెలిసింది కాదు. నువ్వు వెళ్లిన సాయంత్రమే లైనింగు విప్పి చూశాను. గీత నాది. ప్యాడు సరిగ్గా దాని మీదే ఉంది, వెంట్రుక వాసి అటూఇటూ లేకుండా. మళ్లీ కుట్టేసి మేకుకి తగిలించాను. మూడు వారాలు. రోజూ దాన్ని చూస్తూ ఫోన్లనీ టీవీలనీ తిడుతూ కూర్చున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

రేపు కొట్లో, ఆ పది మందినీ పిలిచి ఇదే మాట చెబుతాను. నువ్వు వచ్చినా రాకపోయినా.

ఏదో ఒకటి అను బావా. "తప్పు నీదే" అని నా మొహం మీదే అను. నువ్వన్నా అను.