మూడు ముక్కల కూత

(2011 ఫిబ్రవరి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బడి, పై అంతస్తు గది. పాటల టీచరు మాలతి, పిల్లలకు కొమ్ము ఊదడం నేర్పే ముసలాయన బక్కయ్య.)

“ఒక్కసారి ఊదండి బక్కయ్య గారూ. ఒక్కసారే.”

“పిల్లలు ఊదుతున్నరు గద మేడం.”

“నాలుగు నెలల్నుంచి చూస్తున్నాను. బుగ్గలు ఎట్టా పూరించాలో చెబుతారు, దమ్ము ఎక్కడ పట్టాలో చెబుతారు. మీరు మాత్రం మూతి తగిలించరు.”

“ముసలిపానం. దమ్మేడిది?”

“నిన్న బియ్యం మూట పై అంతస్తుకి మోశారు.”

“బియ్యం వేరు, కొమ్ము వేరు.”

“జగన్ పోయాక మానేశారా?”

“గా పేరు మీకెవరు చెప్పిన్రు?”

“గేటు పక్క గోడ మీద పోస్టరు ఇంకా ఉంది. అమరుడు జగన్, తండ్రి బక్కయ్య అని. గుంటూరు దాన్నని నా దగ్గర దాచారేమో అనుకున్నాను.”

“ఛ, గట్లెందుకనుకుంట! మీరేం జేసిన్రు పాపం. తెలంగాణ కోసమని పానం ఇచ్చిండు నా కొడుకు. ఎల్బీనగర్ చౌరస్తాల వాని శవయాత్రకు ఎంత జనం మేడం! కాలు పెట్ట సందు లేదు. ‘ఊదు బక్కన్నా’ అని నలుగురు నా భుజాలు పట్టి ఊపిన్రు.”

“ఏడుపొచ్చి ఊదలేకపోయారు.”

“లేదు. కావాలనే ఊదలే.”

“ఎందుకు?”

“మా ఇంట్ల సావైతే మొదలు సాగనంపే కూత ఊదాలె. మూడు ముక్కలుంటది. పేరు పెట్టి పిలుసుడొకటి, తొవ్వ సూపిచ్చుడొకటి, ఇగ పో అనుడొకటి. గది ఊదినంకనే పెండ్లికైనా, జాతరకైనా కొమ్ముకు మూతి పెట్టాలె. ఊదితే పోతడు మేడం. ఊదకుంటే ఉంటడు.”

“ఉన్నాడా?”

“పొద్దుగాల చాయ్ పోస్తుంటే వాకిట్ల చెప్పులిడిసిన సప్పుడైతది. నా పెండ్లాం ముత్తమ్మ గూడ ఇంటది. ‘పోరడు ఎన్నొద్దులు గడపకాడ నిలవడతడయ్యా, కాళ్లు గుంజవా, పోనియ్యి’ అని తిడతది. లోపటికి రాడు, బయటికి పోడు. పాపమే, ఎరుకే. అయినా నాకది సాలు.”

“మరి ఆ కూత మీతోనే పోదూ?”

“కూత పోతదన్న రంధితోనే పిల్లలకు ముక్కలు జేసి ఇచ్చిన. సంతోషికి పిలుసుడు, జ్యోతికకు తొవ్వ, నరేష్‌కు ఆఖరిది. అవేందో చెప్పలే. మూడూ ఒక్కతాన ఊదొద్దని ఒట్టు పెట్టించిన.”

“అయ్యో!”

“ఏమైంది?”

“నాకు తెలియదండీ. వార్షికోత్సవానికి బావుంటుందని, పిల్లలు ఒట్టుందంటున్నా ఒట్టు గిట్టు ఏం లేదని చెప్పి, ముగ్గుర్నీ వరసగా నిలబడమన్నాను. ఒకరి తర్వాత ఒకరు ఊదమని...”

“ఎప్పుడు?”

“ఇప్పుడే. కింద మెట్ల మీద. అదిగో, సంతోషి మొదలుపెట్టింది.”

“వద్దు! ఆపమనుండ్రి మేడం, ఆపమనుండ్రి!”

“సంతోషీ! ఆగమ్మా! వినపడట్లేదు వాళ్ళకి. జ్యోతిక అందుకుంది. ఉండండి, నేను దిగి కొమ్ము లాక్కుంటాను.”

“వద్దు, వద్దు. ఇగ ఆపొద్దు.”

“మీరేగా ఆపమన్నారు!”

“పిలిసిన్రు. గడప ఇడిసి ఈడికొచ్చిండు. తొవ్వ సూపిస్తున్నరు. ఇప్పుడాపితే నడితొవ్వల నిలవడతడు. ఇటు మా గడప లేదు, అటు పోయే జాగ లేదు. కానియ్యుండ్రి మేడం. నా కండ్ల ముందు కానియ్యుండ్రి.”

“ఆగిపోయింది.”

“మూడోది?”

“లేదు. రెండే ఊదారు.”

“తాతా! తాతా! మంచిగొచ్చిందా?”

“సంతోషీ, నరేష్ ఏడీ?”

“రాలేదు టీచర్. వనస్థలిపురం బస్సులు బంద్ జేసిన్రంట. ఆఖరి ముక్క మాకు రాదు. నువ్వు మాకు చెప్పనే లేదు గద తాతా.”

“చెప్పలే బిడ్డా.”

“మరి ఎవరూదాలె?”

“బక్కయ్య గారూ, కూర్చోండి.”

“తాతా, నీకు ఊదొస్తదా? ఎన్నడూ ఊదలేదు గద.”

“ఒస్తది. కొమ్ము ఇటియ్యి. జ్యోతికను జర గోడ దిక్కు జరగమను బిడ్డా. మెట్ల మీద వానికి తొవ్వ ఇయ్యాలె.”