ఎవరూ పడుకోని పెళ్లి మంచం

నా పేరు లియావ్ షుయ్‌మూ. వయసు డెబ్భై నాలుగు. తైవాన్‌లో యున్లిన్ జిల్లా హువెయ్ పట్టణంలో తువాళ్ల మిల్లులో నలభై ఒక్క ఏళ్లు మగ్గాల మెకానిక్‌గా పనిచేశాను. ఆరో తరగతి చదివాను. నవంబరు 12, బుధవారం ఉదయం 9 గంటల 40 నిమిషాలకు వలస శాఖ కార్యాలయం రెండో అంతస్తులో అప్పీలు విచారణాధికారి ముందు ఇది చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు ఒకటి రాసుకోమన్నాను. నా కొడుకు చియువాన్‌కు ఈ ఆదివారం పెళ్లి. ముప్పై ఎనిమిదేళ్లకు పెళ్లి! పెళ్లాడేది వియత్నాం అబ్బాయి దోవాన్ ఖియెమ్‌ను. మా మిల్లులోనే పని, నాలుగేళ్లుగా మా ఇంట్లోనే కాపురం. మగ్గం చప్పుడు వింటే చాలు, ఏ వైపు దారం తెగిందో చెప్పేస్తాడు. అలాంటి చెవి నా సర్వీసులో ఇద్దరికే చూశాను, అందులో ఒకటి నాది. ఇది కేసుకు అక్కర్లేదని అధికారి అన్నారు. అయినా రాయమన్నాను.

ఇంకొకటి. ఏడేళ్ల కిందట ప్రజల ఓటు అడిగినప్పుడు ఇలాంటి పెళ్లిళ్లు వద్దని ముద్ర వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఈ సంగతి చియువాన్‌కు తెలియదు. అందుకే ఈ పెళ్లిలో ఒక్క తంతు కూడా తగ్గకూడదనుకున్నాను.

అధికారి చిన్నవారు, తైపేలో పెరిగినవారు, కాబట్టి విడమరిచి చెప్పాను. పెళ్లికి ముందు మంచి రోజు చూసి కొత్త మంచం వేయాలి. వేశాక పెళ్లయ్యేదాకా దాని మీద ఎవరూ పడుకోకూడదు, పెళ్లాడే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకూడదు. అక్టోబరు 27న మంచం వేయించి, పాతది పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. చియువాన్ నవ్వాడు.

"నాన్నా, నాలుగేళ్లుగా ఒకే మంచం మీద ఉన్నవాళ్లం. ఇప్పుడేంటి ఈ సిగ్గులు?"

"అది వట్టి మంచం. ఇది పెళ్లి మంచం. నోరు మూసుకుని హాల్లో చాప వేసుకో."

ఖియెమ్ తరఫువాళ్లు రాలేరు. పెళ్లినాడు తీసుకురావడానికి అతనికీ ఒక పుట్టిల్లు ఉండాలి కదా. చనిపోయిన నా భార్య స్నేహితురాలు, ఎదురింటి చ్యూషియా, "నా కొడుకే అనుకో అన్నా, నా గుమ్మంలోంచే తీసుకెళ్దువు గాని" అంది. అతని బట్టలు, చెప్పులు, పళ్ల బ్రష్షుతో సహా నేనే మోసుకెళ్లాను. మూడుసార్లు తిరిగాను.

పెళ్లి నమోదుకు పిల్లలు దరఖాస్తు పెట్టుకున్నారు. కాపురం నిజమో కాదో చూడటానికి అక్టోబరు 30, ఉదయం 10 గంటల 20 నిమిషాలకు ఇద్దరు అధికారులు వచ్చారు. పిల్లలు పనిలో ఉన్నారు. నేను టీ పోశాను, పెళ్లికి ముందే పంచే కేకు పెట్టాను. తినలేదు. గది చూపించాను.

"ఈ మంచం మీద ఇద్దరూ పడుకుంటారా?"

"అమ్మో! ఒక్క రాత్రి కూడా లేదండీ. నేను పడుకోనిస్తేగా!"

"ఖియెమ్ బట్టలేవి?"

"ఒక్కటి ఉంటే చూపించండి! అన్నీ ఎప్పుడో పంపేశాను."

"ఇద్దరూ కలుస్తుంటారా?"

"ముఖం కూడా చూసుకోకూడదని గట్టిగా చెప్పానండీ."

చెబుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాను. చెప్పింది రాసుకుని ముద్ర వేయమన్నారు. వేశాను. గట్టిగా వేశాను.

నవంబరు 10న ఉత్తరం వచ్చింది. కలిసి కాపురం ఉన్న ఆధారం లేదు, నమోదు కుదరదు అని. విదేశీ పనివాళ్లకు ఇచ్చే పన్నెండేళ్లూ ఖియెమ్‌కు నిండాయి. నమోదు కాకపోతే ఈ నెల 30న దేశం విడిచి వెళ్లిపోవాలి.

నిన్న మధ్యాహ్నం 2 గంటలకు మా శాసనసభ్యురాలి ఆఫీసుకు వెళ్లాను. ఎన్నికలప్పుడు ఇలాంటి పెళ్లిళ్లకు మద్దతు గుర్తుగా ఆరు రంగుల కండువా వేసుకుని ఖియెమ్ చేయి పట్టుకుని ఫొటో దిగినావిడ. మా చుట్టాల చేత పద్నాలుగు ఓట్లు వేయించాను. ఆవిడ లేరు, సహాయకురాలు ఉంది.

"తాతగారూ, మేడమ్ మద్దతు మీకు పూర్తిగా ఉంది."

"సంతోషం తల్లీ. ఆ మద్దతు ఏ కౌంటర్లో చూపించాలి?"

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. విచారణలో ఉన్న ఫైలులో వాళ్లు వేలు పెట్టకూడదట. పెళ్లింట్లో గోడకు కట్టడానికి మేడమ్ పంపే ఎర్ర గుడ్డ మాత్రం సిద్ధంగా ఉందని ఇచ్చింది. "నూరేళ్లు ఒకే కప్పు కింద" అని దాని మీద బంగారు అక్షరాలు. మడిచి సైకిలు బుట్టలో పెట్టుకున్నాను.

పాత మంచం తెచ్చి చూపగలరా అని ఈరోజు అధికారి అడిగారు. లేను. పాత సామాన్లవాడు విరగ్గొట్టి తీసుకుపోయాడు. ఫొటోలు ఇచ్చాం, స్నేహితులూ అలాగే దిగుతారన్నారు. చ్యూషియా సాక్ష్యం చెబుతానంది. కానీ ఖియెమ్ ఎక్కడ ఉంటున్నాడని అడిగితే ఇప్పుడు తన ఇంట్లోనే అని ఆమె నిజం చెప్పాలి.

"మరి అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెబుతున్నదా, తాతగారూ?" అని అధికారి అడిగారు. మర్యాదగానే అడిగారు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. ఇందులో ఒక్క మాట అబద్ధం లేదు. అక్టోబరు 30న చెప్పినదాంట్లోనూ ఒక్క మాట అబద్ధం లేదు. రెండూ నేనే చెప్పాను. దయచేసి ఈరోజు చెప్పింది నమ్మండి.

లియావ్ షుయ్‌మూ
ఎడమ బొటనవేలి ముద్ర