అక్క చెప్పని జవాబులు

సంతకమే కదా అక్కా! అర అంగుళం గీత గీయడానికి ఇంత బెట్టా? రేపు మీ ఆసుపత్రిలోనే నేను చేసిన కంప్యూటర్ ఆట చూపించాలి. సీనియర్ నర్సు సంతకం లేనిదే లోపలికి రానివ్వరట. నీ యూనిఫాం కూడా నేనే ఇస్త్రీ చేస్తున్నాగా, ఇంకేం కావాలి?

ఏమిటా నవ్వు? అది కాలక్షేపం ఆట కాదు. వార్డులో మంటలొస్తే ఏం చెయ్యాలో నేర్పే ఆట. అందులో నర్సులు నేను ఆడిస్తే ఆడే బొమ్మలు కారు, ఏజెంట్లు! ఒక్కొక్కరికీ సొంత లక్ష్యం, సొంత నమ్మకం, సొంత నిర్ణయం. పెత్తనం లేని సాఫ్ట్‌వేర్! పైనుంచి ఆజ్ఞలు కాదు, కిందినుంచి గొంతులు!

ఆఁ... ఆటలో పోయారు. ఒప్పుకుంటున్నా. పన్నెండుమంది రోగుల్లో పదకొండుమంది. ఆ ఒక్కడూ స్నానాల గదిలో గడియ పెట్టుకుని కూర్చున్నాడు కాబట్టి బతికాడు. నువ్వు ఆడినప్పుడే కాదు, నేనెన్నిసార్లు ఆడినా అంతే.

మా నర్సులు పిరికివాళ్ళు కారు మరి! పొగ కనబడగానే పరుగెత్తి తలుపులన్నీ బార్లా తెరిచేస్తారు. ‘మూసిన తలుపులన్నీ తెరవండి!’ ఎంత గొప్ప మాట! నా గది గోడ మీద కూడా అదే రాసుకున్నా. అన్ని గదుల్లోకీ దూరిపొమ్మని ఆ పొగకెవరు చెప్పారు?

అబ్బ, ఏమిటీ వాసన? అయ్యో, కాలరు! ఉండుండు, కిటికీ తెరుస్తా...

ఇస్త్రీపెట్టె ప్లగ్గు లాగేశావా? నేను కిటికీ దాకా వెళ్ళేలోపే?

అయితే వార్డులోనూ అంతేనా? మంటలున్న గదిలోంచి మనిషిని లాగి, వెంటనే తలుపు మూసేస్తావా? పొగని అక్కడే ఆపేసి, ఆ తర్వాతే మిగతావాళ్ళా? ఇంత చిన్న సంగతి ముందే చెప్పొచ్చుగా!

అడగలేదంటావా.

నిజమే. ఈ ఏజెంట్లని తయారుచేసే పద్ధతిలో మొదటి మెట్టే అది. ఆ పని చేసే మనిషిని కూర్చోబెట్టి అడగాలి, ఆ జవాబుల్లోంచే ఏజెంటు పుట్టాలి. ఇదుగో, నీ సంతకానికి తెచ్చిన కాగితాల అడుగున ఫారం. ఇరవై ప్రశ్నలు, ఇరవై జవాబులు, పైన నీ పేరు. అన్నీ నేనే రాశా. పక్కగదిలో నువ్వుండగానే.

అలా చూడకు. రేపు రావడం లేదని పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేస్తాలే. తిట్లు నాకేగా, నాకు అలవాటే.

కూర్చో. కొత్త ఫారం. మొదటి ప్రశ్న: పొగ కనబడగానే సామాజిక బాధ్యతగా నువ్వు... సరే సరే, నోరు మూసుకుంటున్నా. నువ్వు చెప్పు.